పది చోట్ల పనిచేసిన చెయ్యి

మా రోజుల్లో పని కోసం ఎవరి గడప ఎక్కినా అవతలాయన అడిగే ప్రశ్న ఒకటే: "ఏం చేయడం వచ్చోయ్ నీకు?" వచ్చింది చెప్పేవాళ్ళం. రానిది నేర్చుకుంటామనేవాళ్ళం. "సరే, రేప్పొద్దున రా" అనేవాడు. ఇప్పుడా ప్రశ్న ఎవరి నోటా వినబడటం లేదు. కాగితం చేత్తో పట్టుకుని, దాని మీంచి కళ్ళెత్తకుండా అడుగుతున్నారు: "ఈ ఉద్యోగానికీ ఆ ఉద్యోగానికీ సంబంధం ఏమిటి? మధ్యలో ఈ ఏడు నెలలూ ఖాళీగా ఎందుకున్నారు?"

మా పెద్దన్నయ్య మనవరాలికి జరిగింది ఇదే. డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు బేకరీ కౌంటర్లో నిలబడింది. తర్వాత ఒక ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంది. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళ దగ్గర ఆల్బములు కూర్చింది. పిల్లకి రాయడం వచ్చు, నిజంగా వచ్చు. నాలుగు వాక్యాల్లో ఒక మనిషిని కళ్ళ ముందు నిలబెడుతుంది. హైదరాబాద్‌లో ప్రకటనలు రాసే ఒక కంపెనీకి వెళ్తే, పిల్ల రాసినవి చదవకుండానే, ఒక లైన్లో ఉన్నట్టు లేదు కదమ్మా అని పంపేశారు. ఫోన్లో ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది తెనాలి. యాభై ఏళ్ళకు పైగా అక్షరం మీద బతికాను. వారపత్రికలో పనిచేశాను, రేడియోకి నాటికలు రాశాను. ఈ ప్రయాణంలో నేను ఎవరెవరిని తలెత్తి చూశానో, ఎవరి రాత చదివి ఇలా రాస్తే జన్మ చాలు అనుకున్నానో, వాళ్ళలో చాలామంది కాగితాలు ఇప్పుడా కంపెనీ బల్ల మీద పెడితే మా పిల్లకి చెప్పిన జవాబే వాళ్ళకీ చెబుతారు.

జాషువా గారిని తీసుకోండి. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, పద్యంతో ఈ దేశాన్ని నిలదీసిన మనిషి, ఇరవై ఏళ్ళ వయసులో రాజమండ్రిలో ఏం చేశాడో తెలుసా? మూకీ సినిమాలకు వాచకుడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథ చెప్పాలి, పాత్రల మాటలు తానే పలకాలి. మైకు లేదు. హాలు నిండా మనుషులు, వాళ్ళలో ఎక్కువమందికి అక్షరం రాదు. యంత్రం చప్పుడు ఒకపక్క, పిల్లల ఏడుపు ఒకపక్క. ఆ గోలలో చిట్టచివరి మనిషికి మాట చేరాలి, చేరిన మాట ఒక్క వినికిడికే అర్థం కావాలి. బొమ్మ దాటిపోయాక చెప్పి లాభం లేదు.

ఆ తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠాలు చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో యుద్ధ ప్రచారకుడిగా పనిచేశాడు. 1957 నుంచి రెండేళ్ళు మద్రాసు ఆకాశవాణిలో ఉన్నాడు. హరిశ్చంద్ర నాటకం ఆడే చోటల్లా కాటిసీనులో ఆయన శ్మశాన పద్యాలు పాడి తీరాల్సిందే. నా చిన్నప్పుడు తెనాలిలో రాత్రి రెండింటికి ఆ పద్యం అందుకునేవాడు నటుడు. నేల మీద కూర్చున్న కూలివాళ్ళు కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు. నిఘంటువు ఎవరికీ అవసరం పడలేదు. ఆ స్పష్టత ఏ పండితుడి అరుగు మీద అబ్బింది? పండితుల అరుగులు ఆయన్ని ఎక్కనివ్వలేదు కదా. నా మట్టుకు నేను గట్టిగా నమ్మేది, చీకటి హాల్లో నిలబడి చదువురాని వాళ్ళ చెవికి కథ అందించిన ఆ రోజులు ఆయన పద్యంలో ఇంకా ఉన్నాయని.

ఒక మాట మాత్రం దాచకూడదు. జాషువా ఆ పనిలో చేరింది అనుభవం కోసం కాదు, ఆకలికి. కులం పేరుతో మూసేసిన తలుపులు ఎన్నో ఉండబట్టి తెరిచి ఉన్న తలుపులో దూరాడు. దాన్ని వరం అనడానికి నాకు నోరు రాదు. ఆయన పడ్డ అవమానాలు ఎవరూ పడకూడదు. కానీ ఆ అవమానాల మధ్య కూడా పని తన పాఠం నేర్పింది. దాన్ని కాదనడం ఆయన కష్టాన్ని తక్కువ చేయడమే అవుతుంది.

ఈ వాచకుడి ఉద్యోగానికి దూరపు చుట్టం లాంటి పని నేనూ చేశాను. రిక్షాలో మైకు పెట్టుకుని ఊరంతా సినిమా ప్రచారం. "నేడే చూడండి" అని మొదలుపెట్టి వీధి వీధీ తిరగాలి, కరపత్రాలు విసరాలి, వెనక పిల్లల దండు పరిగెత్తుకొస్తుంటుంది. హాలు మేనేజరు కాగితం మీద రాసిచ్చిన మాటలు చదివితే చాలు. కానీ ఆ మాటలు వీధిలో పనిచేయవని నాకు తొందరగానే తెలిసొచ్చింది. మన భాషలో క్రియ వాక్యం చివర కదా కూర్చుంటుంది. రిక్షా మలుపు తిరిగేలోపు క్రియ రాకపోతే, గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికి ఎవరో ఏదో అన్నట్టు మాత్రమే వినపడుతుంది. అందుకని వాక్యం కురచ చేయాలి. ఒక వాక్యంలో ఒకటే సంగతి. హీరో పేరు ముందా, సినిమా పేరు ముందా? మార్కెట్ సెంటర్లో హీరో పేరు ముందు. ఆడవాళ్ళు పంపు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడే చోట "కన్నీళ్ళు ఆగని కుటుంబకథ" ముందు. రైలు కట్ట దాటాక ఉన్న పేటలో ఫైటింగులు ముందు.

ఇరవై ఏళ్ళ తర్వాత రేడియోకి నాటిక రాస్తుంటే ఇదంతా అక్కరకొచ్చింది. రేడియోలో వినేవాడు వెనక్కి తిప్పి వినలేడు. పాత్ర గదిలోకి వచ్చిందని కళ్ళతో చూడలేడు. మొదటి నాలుగు మాటల్లో ఎవరు, ఎక్కడ, ఎవరితో అన్నది తేలిపోవాలి. ఈ కిటుకు నాకు ఏ వర్క్‌షాపులోనూ ఎవరూ చెప్పలేదు. రిక్షా మలుపు దగ్గర నేర్చుకున్నాను.

అంతకు ముందు ప్రెస్సు. తెనాలిలో అప్పట్లో ప్రెస్సులకు కొదవ లేదు. పుస్తకాలు, నాటకాల కరపత్రాలు, శుభలేఖలు, బిల్లు బుక్కులు. ఇప్పటి పిల్లలకు కంపోజింగ్ అంటే ఏమిటో చెప్పినా ఊహకు అందదు. ఎదురుగా చెక్క కేసు, అందులో గళ్ళు. ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలు, ఆపైన పెద్దబడి అక్షరాలు కాసిని. మనకో? అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, అన్నీ వేరు వేరు సీసపు ముక్కలు. ఏ గడిలో ఏముందో వేళ్ళకే తెలియాలి. ఒక్కో ముక్కా ఏరి స్టిక్కులో పేర్చాలి, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసిన అక్షరం. ఫారం అచ్చయ్యాక మళ్ళీ ఆ ముక్కలన్నీ విడదీసి ఎవరి గడిలో వాళ్ళని పడేయాలి.

అలా చేత్తో పేర్చినవాడికి అనవసరమైన విశేషణం అంటే ఎంత కోపం వస్తుందో చెప్పలేను. "అత్యంత మహోన్నతమైన" అని ఒక ఉపన్యాసకుడు రాస్తే దాన్ని పేర్చేది నా వేళ్ళు, విడదీసేదీ నా వేళ్ళే. మాఘమాసం ముహూర్తాలొస్తే శుభలేఖలకి కొన్ని ఒత్తులు చాలేవి కావు. పెద్ద కంపోజిటర్ గారు, ఎంత చదివాడో తెలియదు గానీ మహా సమర్థుడు, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, "ఆ మాట తీసి దీన్ని వెయ్యరా, అర్థం అదే, ఒత్తు మిగులుతుంది" అనేవాడు. పర్యాయపదాలు నాకు అమరకోశం కంటే ముందు ఆయన నేర్పాడు. ఏ మాటకి ఎంత వెడల్పో, ఏ మాట వరసలో ఒదుగుతుందో, ఏది పక్కదాన్ని తోసేస్తుందో చూపుతోనే తెలిసేది. తర్వాత వారపత్రికలో శీర్షికలు పెట్టే పని నాకు అప్పగించినప్పుడు ఎడిటర్ గారు అడిగారు, రెండు కాలాల్లో అంత చప్పున ఎలా ఇమిడ్చావయ్యా అని. సీసపు ముక్కలు పేర్చిన చెయ్యి సార్ అన్నాను.

ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ప్రూఫుల బల్ల దగ్గర నుంచి పైకి వచ్చినవాళ్ళలో నాకు అందరికంటే పూజ్యుడు వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువుమాదారంలో 1915లో పుట్టాడు. బడి చదువు చదువుకునే స్తోమత లేదు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేసిపెడుతూ అక్కడే చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా పనిచేశాడు. హైదరాబాద్ చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేశాడు, వేసిన పుస్తకాలు తానే మోసుకుంటూ ఊళ్ళు తిరిగి అమ్మాడు. నిజాం జైళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. జైల్లో చూసిన మనుషుల మీద "జైలు లోపల" కథలు రాశాడు, తెలంగాణ పల్లె మీద "ప్రజల మనిషి" నవల రాశాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి యజమానుల మాటలు విన్నవాడు, బల్ల తుడుస్తూ నలుగురు బాటసారుల మాటలు విన్నవాడు, పుస్తకం చేతికిచ్చి అర్ధణా కోసం రైతుతో మాట కలిపినవాడు రాస్తే ఆ రాతలో గ్రామం ఎలా ఉంటుంది? దొర ఎలా మాట్లాడతాడు, దొర ముందు మనిషి ఎలా మాట్లాడతాడు, దొర వెళ్ళిపోయాక అదే మనిషి ఎలా మాట్లాడతాడు, ఇవన్నీ విడివిడిగా విన్నవాడికే తెలుస్తాయి. ఆయనకు పాఠకుణ్ణి ఊహించుకుని రాయాల్సిన పని లేదు. పాఠకుడి గడపకి పుస్తకం మోసుకెళ్ళినవాడు. ఏ పుస్తకం ఎవరు కొంటారో, ఏది చూసి పక్కన పెడతారో ముఖం చూసి తెలుసుకున్నవాడు. ఇవాళ పబ్లిషర్లలో ఎంతమంది తమ పుస్తకాన్ని తమ చేత్తో ఒక అపరిచితుడికి అమ్మారు?

సినిమా వాళ్ళ సంగతి చెబుతాను, అక్కడా ఇదే కథ. "మాయాబజార్" తీసిన కె.వి. రెడ్డి గారు సినిమాల్లో అడుగుపెట్టింది క్యాషియరుగా. రోహిణీ సంస్థలో డబ్బు లెక్కలు చూసిన మనిషి. ఆ తర్వాత వాహినీలో ప్రొడక్షన్ పనులు చూసి, 1943లో వచ్చిన "భక్త పోతన"తో డైరెక్టరయ్యాడు. లెక్క రాసే చెయ్యి డైరెక్షన్‌లో ఎక్కడికి పోతుంది? స్క్రిప్టు దశలోనే స్టాప్‌వాచీ పెట్టి ఏ సన్నివేశం ఎంతసేపో తేల్చుకునేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పుకునేవారు. అప్పట్లో ముడి ఫిలిం అంటే బంగారం. 1000 అడుగుల రీలు తిరిగితే వచ్చేది 11 నిమిషాలు. ఆ అడుగుల ఖరీదు లెడ్జరులో రాసిన మనిషికి ఒక్క షాటు వృథా పోతే ప్రాణం విలవిలలాడుతుంది. 1957 నుంచి ఇప్పటిదాకా "మాయాబజార్" చూస్తూ ఇక్కడ కాస్త సాగింది అన్నవాడు నాకు తారసపడలేదు.

ఆ సినిమాకి మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు గారి కాగితమైతే మరీ చెదురుమదురు. బందరులో జాతీయ కళాశాల చదువు. అక్కణ్ణుంచి ఖరగ్‌పూర్ వెళ్ళి రైల్వేలో పని. ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగులోకి తెచ్చాడు. కృష్ణా పత్రికలో సబ్ ఎడిటరు. మళ్ళీ బందరులోనే నాటక సమాజానికి కార్యదర్శి. నాటక సమాజం కార్యదర్శి అంటే ఏమిటనుకున్నారు? నటుడు అలిగితే బుజ్జగించాలి, హార్మోనిస్టుకి బాకీ తీర్చాలి, ఏ మాటకి జనం చప్పట్లు కొట్టారో, ఏ మాటకి లేచి సోడా తాగడానికి వెళ్ళారో తెర పక్క నుంచి రోజూ చూడాలి. యాభయ్యో పడిలో కూర్చుని "పాతాళభైరవి"కీ "మాయాబజార్"కీ ఆయన వీరతాడు, అస్మదీయులు లాంటి మాటలు జనంలోకి వదిలితే, తెలుగు నేల వాటిని ఇంటి మాటలుగా వాడుకుంది. ఆ ధైర్యం రావడానికి ముందు జనం నాలుక మీద ఏ మాట నిలుస్తుందో చూసిన ఏళ్ళు ఉన్నాయి.

కె. విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో చేరాడు. హెడ్‌ఫోను పెట్టుకుని అందరి డైలాగులూ వినే పని. తర్వాత ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర సహాయకుడు. 1965లో "ఆత్మగౌరవం"తో డైరెక్టరు. 1980లో "శంకరాభరణం". ఆయన సినిమాల్లో ఎక్కడ మాట ఆగుతుందో, ఆ ఆగిన చోట ఏ చిన్న చప్పుడు వినిపిస్తుందో కళ్ళు మూసుకుని వినండి. అది చెవి పెట్టుకుని ఏళ్ళు గడిపిన మనిషి పని. సెట్ మీద ఆయన ఖాకీ బట్టలు వేసుకునేవాడు. పనివాళ్ళలో పనివాణ్ణి అన్నట్టు. ఆ ఖాకీ అంటే నాకెంత గౌరవమో!

శ్రీశ్రీ గారు కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు, ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరు, ఢిల్లీ రేడియోలో ఉద్యోగి, మిలిటరీలో కొన్నాళ్ళు, నిజాం కొలువులో కొన్నాళ్ళు. ఇదంతా అయ్యాక 1950లో "ఆహుతి" అనే డబ్బింగ్ సినిమాకి పాటలు రాశాడు. డబ్బింగ్ పాట అంటే తేలిగ్గా చూస్తారు. అసలు భాషలో పెదవులు ఎక్కడ మూతపడ్డాయో అక్కడ మనకీ ప, బ, మ పడాలి. నోరు తెరుచుకున్న చోట తెరుచుకునే అక్షరం పడాలి. పైన ట్యూను ఉంది, లోపల అర్థం ఉంది. ఛందస్సు పగలగొట్టిన మహాకవి ఇంకొకరి పెదాల కొలతకి కూర్చుని పాట కుట్టి ఇచ్చాడు, కూలికి పనిచేయడం చిన్నతనం అనుకోలేదు. బాపు గారు లా చదివాడు, ఆంధ్రపత్రికకి కార్టూన్లు వేశాడు, ప్రకటనల కంపెనీల్లో పనిచేశాడు, అప్పుడు 1967లో "సాక్షి". ప్రతి షాటూ ముందే బొమ్మ వేసుకునే మనిషి. చిన్న చదరంలో చెప్పదలచుకున్నది మొత్తం ఇమడాలన్న పట్టుదల పత్రికా కార్టూను పెట్టిన భిక్ష.

మా తెనాలివాడు కొడవటిగంటి కుటుంబరావు గారిని వదిలితే ఊరివాళ్ళు ఊరుకోరు. ఫిజిక్సు చదవడానికి కాశీ వెళ్ళాడు, ఆ చదువు మధ్యలో ఆగింది. సిమ్లా దాకా వెళ్ళి ఉద్యోగం చేశాడు. ఒరిస్సా జయపూరులో కొన్నాళ్ళు పనిచేశాడు. పత్రికల్లో పనిచేశాడు. 1952లో చందమామలో చేరి 1980లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. నలభయ్యో పడిలో అడుగుపెట్టేదాకా నిలకడైన ఉద్యోగం లేదు ఆ మహానుభావుడికి. ఆ తిరుగుళ్ళ వల్లే మధ్యతరగతి మనిషి జేబులో ఎంతుందో, ఆ ఎంత వల్ల వాడి మాట ఎలా మారుతుందో ఆయనకు తెలిసింది. ఆత్రేయ గారు నెల్లూరు వైపు గుమాస్తాగా పనిచేసి "ఎన్.జి.ఓ." నాటకం రాశాడు. జీతం రాళ్ళు ఇరవయ్యో తారీఖుకి ఎలా అయిపోతాయో తెలియనివాడు రాయగల నాటకమా అది? వేటూరి గారు పాత్రికేయుడు, సిరివెన్నెల గారు టెలిఫోన్ డిపార్ట్‌మెంటు ఉద్యోగి. ఇంకా చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

నేను బట్టల కొట్లో గుమాస్తాగా కూడా ఉన్నాను. పెళ్ళి బట్టలకు ఒక కుటుంబం వచ్చి చాప మీద కూర్చుంటుంది. మగవాడు గట్టిగా మాట్లాడతాడు, బేరం ఆయనదే అన్నట్టు ఉంటుంది. మూలన తలవంచుకుని కూర్చున్న అత్తగారు ఒక్క చీర అంచు మాత్రం వేళ్ళతో నలిపి వదిలేస్తుంది. ఆ చీరే బిల్లవుతుంది. ఎవరు నిర్ణయిస్తారో వాళ్ళు తక్కువ మాట్లాడతారన్నది నాకు అక్కడ తెలిసింది. నాటికల్లో ఇంటిపెద్ద పాత్రకి నేను ఎప్పుడూ డైలాగులు తక్కువ రాశాను. బాగుందన్నారు అందరూ.

ఇప్పటి సంగతి చూడండి. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు. ఇంటర్ రెండేళ్ళూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో, పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదిన్నరకి పడుకోబెడతారు. వేసవి సెలవులంటే మాకు రెండు నెలలు ఏదో ఒక కొట్లోనో, పొలంలోనో, మేనమామ కిళ్ళీ బడ్డీలోనో గడిచేవి. వీళ్ళకి బ్రిడ్జి కోర్సు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి తన ఈడు వాళ్ళతో, టీచర్లతో తప్ప ఇంకెవరితోనూ ఐదు నిమిషాలు మాట్లాడి ఎరగని పిల్లవాడు తయారవుతున్నాడు. వాడు తెలివితక్కువవాడు కాదు, మాకంటే వంద విషయాలు ఎక్కువ తెలుసు. కానీ కథ రాయమంటే సినిమా చూసి రాస్తాడు. వాడి పాత్రల్లో పాలవాడు సినిమాలో పాలవాడిలా మాట్లాడతాడు.

పనులేవీ అంటారా? అదీ నిజమే, అక్కడే నా అసలు గోడు. సీసం కేసులు పోయి డీటీపీ వచ్చింది, మంచిదే, సీసం పొడి పీల్చి దగ్గిన కంపోజిటర్లను చూశాను కాబట్టి ఆ కేసులు పోయాయని నేను ఏడవను. కానీ ప్రూఫుల బల్ల ఎందుకు తీసేశారు? తప్పుల్లేని పేజీ మనకు అక్కర్లేకపోయిందా? గోడల మీద అక్షరాలు రాసే ఆర్టిస్టులు ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు. వాళ్ళ దగ్గర రంగులు కలుపుతూ నలుగురు కుర్రాళ్ళు బొమ్మ నేర్చుకునేవాళ్ళు. ఫ్లెక్సీ వచ్చి ఆ నిచ్చెనలన్నీ దింపేసింది. ఇప్పుడు ప్రతి సెంటర్లోనూ ముఖాలు ఉన్నాయి, వెయ్యి ముఖాలు, ఒక్క మంచి అక్షరం లేదు.

డెలివరీ కుర్రాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళు రోజంతా మనుషుల గుమ్మాలే కదా ఎక్కేది అని మా అబ్బాయి నాతో వాదించాడు. నేనూ అలాగే ఆశపడ్డాను. మా ఇంటికి వచ్చే కుర్రాళ్ళతో కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసింది. దారి ఫోను చెబుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపొమ్మని రాసి ఉంటుంది. మంచినీళ్ళు తాగడానికి ఆగితే తర్వాతి ఆర్డరు ఆలస్యం. డిగ్రీలు చదివినవాళ్ళు, బీటెక్‌లు చేసినవాళ్ళు. రోజుకి ఎన్నో ఇళ్ళ గుమ్మాలు చూసి, ఒక్క ఇంట్లో మనిషి గొంతు కూడా వినకుండా తిరిగొస్తున్నారు. పనిలోంచి మాటని ఎవరో పద్ధతి ప్రకారం ఏరి పారేశారు. కష్టం మాత్రం అలాగే ఉంచారు. ఎండలో తిరిగే ఆ పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పటి వాళ్ళలో నాకు నచ్చినవాళ్ళు లేరని కాదు. గంగవ్వను చూడండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. పొలం కూలి చేసింది, బీడీలు చుట్టింది. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డాక అదే ఊరి కుర్రాళ్ళు తీసే "మై విలేజ్ షో"లో యూట్యూబ్‌లో కనబడింది. ఆమె డైలాగు ఎందుకంత పడుతుందో నటన బళ్ళో చెప్పలేరు. కూలి దగ్గర మేస్త్రీతో వాదించిన గొంతు అది. బీడీ చాటలు ముందేసుకుని పదిమంది ఆడవాళ్ళు కూర్చున్న చోట వంతు వచ్చినప్పుడు మాట విసిరి నవ్వించిన గొంతు. ఆ విరుపు, ఆ ఆగడం, ఆ కోపం వచ్చి మధ్యలో నవ్వుగా మారడం ఒక్క రోజులో వచ్చేవి కావు. ఆ కుర్రాళ్ళు దాన్ని గుర్తుపట్టి కెమెరా ముందు నిలబెట్టారు, అందుకు వాళ్ళకి దండం పెడతాను. తమ ఊళ్ళో తామే కథ రాసి, తామే తీసి, తామే కోసి అతికించే ఇలాంటి పిల్లల్లో నాకు పాత నాటక సమాజం కనబడుతుంది.

పట్నంలో మాత్రం ఇంకో జబ్బు మొదలైంది. ఇంటర్న్‌షిప్ అట. సినిమా ఆఫీసుల్లో, ప్రకటనల కంపెనీల్లో, చానెళ్ళలో పిల్లల్ని ఆరు నెలలు, ఏడాది ఊరికే పనిచేయించుకుంటున్నారు. అనుభవమే జీతం అంటారు. నేను ప్రెస్సులో చేరినప్పుడు చాలా చిన్నవాణ్ణి, గొప్ప పనేమీ రాదు, అయినా శనివారం సాయంత్రం ఓనరు గారు గల్లాపెట్టె ముందు అందరితోపాటు నన్నూ నిలబెట్టి కూలి చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బుతో ఇంట్లో బియ్యం వచ్చేవి, నాకు ఒక నేల టికెట్టు వచ్చేది. ఊరికే చేయమంటే మా నాన్న పంపేవాడా? ఆళ్వారుస్వామికి గోలకొండ పత్రిక ప్రూఫులు ఊరికే దిద్దమని ఉంటే ఆయన ఏం తిని దిద్దేవాడు? హైదరాబాద్‌లో గది అద్దె, తిండి, లాప్‌టాప్ సొంతంగా పెట్టుకోగలిగిన ఇంటి పిల్లలే ఇప్పుడు ఈ రంగాల్లోకి దిగగలుగుతున్నారు. మనకి కథలు చెప్పేవాళ్ళందరూ నాలుగు గేటెడ్ కాలనీల నుంచే వస్తే ఆ కథల్లో బీడీ చాట ఉండదు, రైలు కట్ట అవతలి పేట ఉండదు.

అందుకని ఆ కంపెనీల పెద్దలకు నేను చెప్పేది ఇది. కాగితం పక్కన పెట్టి, బేకరీలో నీ దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒకరి గురించి రాసి చూపించమ్మా అని అడగండి. పావుగంట చాలు. ప్రతి పత్రికా, ప్రతి చానెలూ ఒక ప్రూఫుల బల్ల వేసి, దాని ముందు ఇద్దరు కొత్త పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ళకి మొదటి నెల నుంచే జీతం ఇవ్వండి. పనివాళ్ళ హాజరు పుస్తకంలో వాళ్ళ పేరు రాయండి. ఇవ్వలేం అంటే వాళ్ళ చేత పని చేయించుకోకండి.